బూటులో లైటు

షాపు నుంచి,
జూన్ 4

ఒరేయ్ కప్పా,

నువ్వు విమానమెక్కి మూడు రోజులైంది. ఇల్లు హాయిగా ఉంది. బాత్‌రూమ్‌లో నీ రబ్బరు బట్టలు వేలాడ్డం లేదు, నీచు వాసన లేదు, దేవుడిచ్చిన టవలు నాకు దొరుకుతోంది. మీ అక్క మాత్రం గుమ్మం దగ్గరున్న చెప్పులు నీవనుకుని రెండుసార్లు కళ్ళు తుడుచుకుంది. అవి నీ తమ్ముడివి కావే, నావే అని చెప్పాను. వెంటనే కన్నీళ్ళు ఆగిపోయాయి. ఇరవై మూడేళ్ళ కాపురంలో నా విలువ ఇదీ.

సముద్రంలో నువ్వుండే ఆ బల్లపరుపు పడవ, బార్జి మీద ఫోను పలకదని నువ్వు చెప్పినప్పుడు అందరూ బెంగపడ్డారు గానీ నాకు సరదా వేసింది. ఐదో తరగతిలో ఆగిపోయిన నా చదువుకి ఇన్నాళ్ళకి ఒక పని దొరికింది. అక్షరాలు వంకరపోతే నవ్వకు. టార్చిలు బాగుచేసే చేతికి స్క్రూడ్రైవర్ అలవాటు, పెన్ను కాదు.

ఒడ్డుకి దూరంగా కట్టిన ఆ రేవు స్తంభాలు ఎలా ఉన్నాయి? నీళ్ళ కింద పగుళ్ళు దొరికాయా? లైటుకి ఇంకా రెండు తాళ్ళే కట్టుకుంటున్నావా? లోకంలో నీళ్ళలో మునిగేవాళ్ళందరికీ మణికట్టుకి ఒక తాడు. మా కప్పకి రెండు. ఒకటి తెగితే ఇంకోటి ఉండాలట. రెండూ తెగితే ఏం చేస్తావని అడిగితే మొహం మాడ్చుకుంటావు.

సరే, అసలు సంగతి. నీ ప్రయాణం, నా కానుక. మన ఒప్పందం నీకు తెలుసు. నేను దాస్తాను, నువ్వు వెతకకూడదు, దానంతటది బయటపడాలి. పోయినసారి సబ్బుపెట్టెలో బంగాళాదుంప పెట్టాను. అంతకుముందు నీ చొక్కాలన్నీ ఒకదానికొకటి కుట్టేశాను. ఈసారిది వాటి తాత. అది బయటపడ్డ రోజున నువ్వు పెట్టే కేక ఇక్కడికి వినిపించాలి. వెంటనే రాయి.

నీ బావ

*

బార్జి మీద నుంచి,
జూన్ 11

బావా,

ఉత్తరాల లాంచీ ఇవాళే వచ్చింది. గురువారం వస్తుంది, శుక్రవారం పొద్దున వెళ్తుంది, ఒడ్డుకి మాకు అదొక్కటే దారి. కెప్టెన్ దగ్గర ఒక ఫోను ఉంది గానీ, ఎవరి ప్రాణమైనా పోతుంటే తప్ప దాన్ని తాకనివ్వరు. కాబట్టి రాస్తూ ఉండు. నీ అక్షరాలు నీ వేషాల కంటే బాగానే ఉన్నాయి.

పని కష్టంగానే ఉంది. నీళ్ళు మురికి. చెయ్యి చాపితే వేళ్ళు కనపడవు. పెద్ద లైట్లు రెండూ తెచ్చుకోబట్టి సరిపోయింది. అవి తేవడమే ఒక పెద్ద కథ. నువ్వు చెప్పినట్టే బ్యాటరీలు బయటికి తీసి, ఒక్కోదాని రెండు కొసలకీ టేపు వేసి, వేరువేరు కవర్లలో పెట్టి చేతి సంచిలోనే పట్టుకున్నాను. నీళ్ళలో వెలగాల్సిన లైటు సామాన్లలో పొరపాటున వెలిగితే చల్లార్చడానికి నీళ్ళుండవు, కాలిపోతుందని విమానాశ్రయంలో తనిఖీ చేసే ఆఫీసరమ్మకి నేనే చెప్పాను. ఆవిడ ఒక్కోదాన్నీ తిప్పి తిప్పి చూసింది. తర్వాత అడిగింది, "మీ బ్యాగు మీరే సర్దుకున్నారా? మీకు తెలియకుండా ఎవరైనా ఏమైనా పెట్టారా?" నేనే సర్దుకున్నానని ఛాతీ విరుచుకుని చెప్పాను. చెప్తుంటే నువ్వు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు.

నీ కానుక ఇంకా దొరకలేదు. వెతకలేదు కూడా, మాట మాటే.

పెద్ద బ్యాగు మాత్రం పాడుచేశారు. విమానం దిగాక తీసుకుంటే ఒక పక్క వేడిగా ఉంది, రబ్బరు కాలిన వాసన. ఎండలో ఇనప బండి మీద పడేసి ఉంటారు. నా పాత రబ్బరు బూట్లలో ఎడమదాని ముందు భాగం మెత్తబడి వంకరపోయింది. ఇక్కడ కంపెనీ కొత్త బూట్లిచ్చింది కాబట్టి పాతవి ముట్టుకోలేదు. ఆకారం పోకుండా కుక్కిన కాగితాలతో సహా అలాగే బ్యాగులో ఉన్నాయి. వచ్చేటప్పుడు నీ దగ్గరికే తెస్తాను, వేడిచేసి సరిచేసి పెట్టు. జూలై ఇరవై ఒకటిన విమానం.

అక్కకి చెప్పు, వేళకి తింటున్నానని.

నీ బామ్మర్ది

*

ఇంటి నుంచి,
జూన్ 19

ఒరేయ్,

ఎడమ బూటా, కుడి బూటా అని నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఎడమే అని రాశావు. ఎడమే రాసుంది.

జాగ్రత్తగా చదువు. ఒక్కో ముక్కా చదువు. ఆ బూటు ముట్టుకోకు. కాగితాలు లాగకు. నేను దాచింది అందులోనే ఉంది.

అరచేతిలో పట్టే చిన్న లైటు. నీళ్ళలో వాడేదే, నీ పెద్ద లైట్లకి తమ్ముడు. బ్యాటరీతో సహా ఉంది. దాని అద్దం మీద నల్లకాగితంతో కోరలున్న దెయ్యం మొహం అంటించాను. నువ్వు బూట్లలో కాగితాలు కుక్కుతావు కదా, ఆ ఉండలోనే చుట్టి, ముందు కొస దాకా తోశాను. కాగితం లాగగానే వెలిగి నీ మీద దెయ్యం పడాలని స్విచ్చికి ఉండే తాళం రింగు కూడా పీకేశాను. రింగు ఇదిగో, నా ముందు బల్ల మీదే ఉంది. అది ఉంటే ఎంత నొక్కినా వెలగదు. అది లేదు కాబట్టి, మీద ఇంకో పెట్టె పడ్డా వెలుగుతుంది.

వెలిగిందిరా. ఎండా కాదు, ఇనప బండీ కాదు. గాల్లో, నీతోపాటు నూటయాభైమంది కూర్చున్న చోటికి కింద, కాగితాల మధ్య వెలిగింది.

బ్యాటరీలు విప్పి టేపు వెయ్యాలని, చేతిలో పట్టుకెళ్ళాలని నీకు నేర్పింది నేను. నేర్పుతూనే వెనక చేత్తో ఇది పెట్టాను. చిన్నది కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. ఆ స్కానరు దగ్గరున్నవాడు కూడా అదే అనుకుని ఉంటాడు.

నీ ఉత్తరం రాగానే షాపు మూసేసి ఇంటికొచ్చాను. అలాంటిదే ఇంకో లైటు తీసి, అలాగే కాగితంలో చుట్టి, నా పాత బూటులో కుక్కి పెరట్లో గచ్చు మీద పెట్టి వెలిగించాను. గడియారం చూస్తూ కూర్చున్నాను. పది నిమిషాలకి బూటు మీద చెయ్యి పెట్టలేకపోయాను. పదిహేడుకి వాసన. ఇరవై రెండుకి పొగ. మీ అక్క బకెట్టుతో నీళ్ళు కుమ్మరించి, ఏంటీ పని అని అడిగింది. తనే నీ ఉత్తరం తీసి చదువుకుంది. అప్పట్నుంచీ నాతో మాట్లాడ్డం లేదు.

నీది ఎందుకు ఆరిపోయిందో నాకు తెలీదు. ఇరవై ఏళ్ళకి పైగా ఇదే పని చేస్తున్నాను, అయినా చెప్పలేను. ఆరింది అంతే. లోపల బ్యాటరీ ఎలా ఉందో ఊహించడానికే భయంగా ఉంది. ఒకసారి అంత వేడి తిన్నది ఊరికే ఉండదు, ఉబ్బుతుంది. మళ్ళీ దెబ్బ తగిలితే లైటు వెలగక్కర్లేదు, అదే అంటుకుంటుంది. బూటుని అలాగే ఎత్తి, ఇసక పోసిన ఇనప బకెట్టులో పెట్టి, మనుషులకి దూరంగా ఉంచు. మీ కెప్టెన్‌కి చెప్పు. తిరుగు విమానంలో మాత్రం అది ఎక్కకూడదు.

ఇది వేళాకోళం కాదు. మీ అక్క మీద ఒట్టు.

బావ

*

బార్జి మీద నుంచి,
జూలై 2

బావా, నీకో దణ్ణం.

పోయిన వారం సముద్రం బాలేక లాంచీ రాలేదు. రెండు వారాల నవ్వు ఒకేసారి దొరికింది. నీ ఉత్తరం వంటాయనకీ, క్రేను నడిపే ఆయనకీ చదివి వినిపించాను. ఇరవై రెండు నిమిషాలకి పొగ అన్న చోట వంటాయన గరిట కింద పెట్టేశాడు. ఇంత బాగా రాయగలిగినవాడివి ఐదో తరగతిలో ఎందుకాగావో మేష్టార్లకే తెలియాలి.

కానీ నేను నమ్మను. కోప్పడకు, నా తప్పు కాదు. మూడేళ్ళ కిందట అక్కకి ఆపరేషనని కబురుపెట్టి, నన్ను పనిలోంచి పరిగెత్తించావు. రెండు బస్సులు మారి వస్తే, అక్క కుట్టుమిషను ముందు కూర్చుని పాట పాడుకుంటోంది. అప్పుడూ అక్క మీదే ఒట్టేశావు. అక్క చేతిరాతతో నాకో పెళ్ళి సంబంధం రాశావు. నేను తల దువ్వుకుని వెళ్తే అక్కడున్నది పశువుల డాక్టరు. అందుకని అక్క చేత రాయించి పంపినా నమ్మను, ముందే చెప్తున్నాను.

ఒప్పందం నువ్వే తప్పుతున్నావు. ఈసారిది నాకు దొరకలేదని నీకు నిద్రపట్టడం లేదు. అందుకే వెతికించాలని చూస్తున్నావు. కెప్టెన్‌కి చెప్పాలట. నేను కెప్టెన్ని పిలిచి, అందర్నీ దూరంగా నిలబెట్టి, ఇసక బకెట్టు పెట్టి, బూటులోంచి కాగితం తీస్తే అందులో ఇంకో బంగాళాదుంప ఉంటుంది. ఈ బార్జి మీద నేనింక తలెత్తుకోవాలా వద్దా?

బ్యాగు నా మంచం కిందే ఉంది. సాయంత్రాలు దాని మీద కాళ్ళు పెట్టుకునే టీ తాగుతున్నాను. నిన్న సరదాకి మడమతో రెండు దెబ్బలు కూడా వేశాను. దెయ్యం పలకలేదు. పదిహేడున లాంచీలో మా బ్యాగులన్నీ ఒడ్డుకి పోతాయి. అక్కణ్ణించి నాతోపాటు విమానంలోకి. నువ్వే ఎదురొచ్చి, నీ చేత్తో నువ్వే విప్పుకో. ఈసారి గెలుపు నాది.

లైటు అడుగున బాగా పనిచేస్తోంది. రెండు తాళ్ళూ భద్రం. నాన్న ఉంటే చూసి ఏమనేవాడో.

నీ బామ్మర్ది

*

ఇంటి నుంచి,
జూలై 8

తమ్ముడూ,

ఇలా నిన్నెప్పుడూ పిలవలేదు. ఈసారికి పిలవనియ్యి.

మడమతో కొట్టానన్న మాట దగ్గర ఉత్తరం చదవడం ఆపి ఫోను అందుకున్నాను.

మీ కంపెనీ ఆఫీసుకి ఫోన్ చేశాను. ఒకమ్మాయి ఎత్తింది. సంగతంతా చెప్పాను. చివరిదాకా విని, "పోయినేడు ఇన్‌స్పెక్టర్నని ఫోన్ చేసి, మీ డైవర్ సముద్రంలోంచి చేప పిల్లల్ని దొంగిలించాడన్నది మీరే కదండీ" అంది. నేనే. పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. రైల్లో వాళ్ళ ఆఫీసుకే వెళ్ళాను. వాచ్‌మన్ నా పేరు అడిగి, లోపల కనుక్కుని, నవ్వుతూ గేటు దగ్గరే ఆపేశాడు. విమానాల వాళ్ళకి చేశాను. ఏ విమానం, ఏ నంబరు అని అడిగారు. నువ్వు ఇరవై ఒకటి అని తప్ప ఏమీ రాయలేదు. వాళ్ళు ప్యాసింజరు పేరడిగితే చెప్పబోయి ఆగాను. పేరు చెప్తే నిన్ను పట్టుకుని లోపలేస్తారేమోనని భయం. చెప్పకపోతే ఏమవుతుందోనని ఇంకో భయం. ఫోను చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాను. అవతలివాళ్ళే పెట్టేశారు.

నా మాట ఎవరూ నమ్మరు. అలా చేసుకున్నది నేనే. మీ అక్క రాస్తానంది. ఆమె రాసినా నమ్మవని నువ్వే రాశావు.

నవ్వులాట కాదని నీకు తెలియాలంటే, నాకు నవ్వు రానిది ఒకటి చెప్పాలి. ఒక్కటే ఉంది. ఈ ఉత్తరంతోపాటు పార్సిల్ వస్తుంది. ముందు అది విప్పు. భయపడకు, దాంట్లో బ్యాటరీ లేదు, మూత తీసి చూసుకో.

గుర్తుపట్టావా? మీ నాన్న నీళ్ళలో దిగేటప్పుడు వాడిన ఇత్తడి టార్చి. వెనక ఆయన మేకుతో గీసుకున్న గుర్తుంది, చూడు.

అది నీ చేతిలోంచి నీళ్ళలో పడలేదు.

నీకు పదిహేడేళ్ళు. వంతెన స్తంభం దగ్గర మొదటిసారి దిగావు. నాకు మీ అక్కతో పెళ్ళయి ఏడాది. నువ్వు పైకొచ్చి, వణుకుతూ టార్చి గట్టు మీద పెట్టి, తల తుడుచుకోవడానికి అటు తిరిగావు. నేను తీసి నా పనిముట్ల సంచిలో వేసుకున్నాను. నువ్వు కంగారు పడితే చూసి నవ్వుకుని ఇచ్చేద్దామని. ఒక్క పది నిమిషాలకి. ఈలోగా మామయ్య వచ్చి టార్చేదిరా అన్నారు. నువ్వు గట్టు చూశావు, చేతులు చూసుకున్నావు, నీళ్ళ వైపు చూశావు. నీకే అనుమానం వచ్చింది, కిందే జారిపోయిందేమోనని. ఆయన పనివాళ్ళందరి ముందూ నీ చెంప మీద కొట్టారు. నేను నోరు తెరవాల్సింది అప్పుడు. కొత్త అల్లుణ్ణి. సంచి మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను.

సాయంత్రం ఇద్దామనుకున్నాను. సాయంత్రం ఆయన అన్నం తినలేదు. రేపనుకున్నాను. రేపటికి అది వేళాకోళం కాకుండా పోయింది, దొంగతనం అయిపోయింది. వస్తువు పట్టుకోవడం రాని చేతికి నీళ్ళు అప్పగించనని ఆయన నాలుగేళ్ళు నిన్ను దింపలేదు. నువ్వు గట్టు మీద కూర్చుని తాళ్ళు పట్టుకున్నావు. ఆ నాలుగో ఏడే ఆయన పోయారు. నువ్వు ఆయన్తో కలిసి మళ్ళీ ఒక్కసారి కూడా దిగలేదు.

ఇరవై రెండేళ్ళు అది నా షాపులో, పై అరలో, పాత రీళ్ళ వెనకాల ఉంది. నీ రెండు తాళ్ళ మీద నేనెందుకు అన్ని జోకులేస్తానో ఇప్పుడు తెలిసిందా? వాటిని చూస్తూ ఊరుకోలేక.

దీని తర్వాత నువ్వు నా గడప తొక్కకపోయినా సరే. మీ అక్కకి నిన్ననే చెప్పాను. ఆమె ఏమందో రాయను. కానీ ఆ బూటు విమానం ఎక్కించకు. నేను నీకు నవ్వు కలపకుండా చెప్పిన నిజాలు రెండే. రెండూ ఇందులోనే ఉన్నాయి. ఒకటి నీ చేతిలో ఉంది కాబట్టి రెండోది నమ్ము.

మళ్ళీ లాంచీ రాకపోతే ఏమిటన్నది ఆలోచించడం లేదు. ఆలోచిస్తే కూర్చోలేకపోతున్నాను.

బావ

*

బార్జి మీద నుంచి,
జూలై 16

బావా,

ఈ ఉత్తరం ముందొస్తుందో, నేను ముందొస్తానో తెలియదు. అయినా రాయాలి. ఎదురుగా నిలబడి ఇవన్నీ నేను చెప్పలేను.

లాంచీ పదకొండు గంటలకి వచ్చింది. పార్సిల్ చూసి వంటాయనా వాళ్ళూ చుట్టూ చేరారు, ఈసారి బంగాళాదుంపా ఇంకోటా అని. కాగితం విప్పాను. ఇత్తడి కనిపించగానే అందరూ నవ్వుతూనే ఉన్నారు, నేనొక్కణ్ణే ఆగిపోయాను. వెనక తిప్పి గీత చూశాను. ఆ తర్వాతే ఉత్తరం చదివాను. సగంలో లేచి నా గదికి పరిగెత్తాను.

మా బ్యాగులు అప్పటికే లాంచీలో ఎక్కించడానికి పైకి తెచ్చేశారు. పధ్నాలుగు బ్యాగులు ఒకదాని మీద ఒకటి వేసున్నాయి. నాది అడుగున.

ఒక్కోటీ నేనే తీశాను. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. బూటుని రెండు చేతుల్తో పట్టుకుని, నిద్రపోయే పసిపిల్లని మోసినట్టు, బార్జి చివరికి నడిచాను. కెప్టెన్ ఇసక బకెట్టు పెట్టించాడు. పొడుగాటి పట్టకారుతో కాగితం కొంచెం లాగాను. పైన రెండు పొరలే కాగితం, లోపలంతా నల్లటి పెంకు. దాని మధ్యలో నీ లైటు. వెనక మూత చీలిపోయి, బ్యాటరీ బుగ్గలా ఉబ్బి బయటికొచ్చి ఉంది. అద్దం మీద నీ దెయ్యం కోరల్లో ఒకటి మిగిలింది.

ఇసకలో పెట్టి వెనక్కొచ్చాం. ఎండ బాగా ఉంది. ఇరవై నిమిషాలు ఏమీ కాలేదు. వంటాయన ఏదో అనబోయాడు. అప్పుడు బుస్సుమంది. ఇసక పైకి లేచింది, తెల్లటి పొగ, వెనకాలే మంట. బకెట్టు అంచులు నల్లబడేదాకా మండింది. క్రేను ఆయన నా మంచమున్న గది వైపు చూశాడు. నేను చూడలేకపోయాను. నెలన్నరగా ఆ బ్యాగు మీద కాళ్ళు పెట్టుకున్నాను.

విమానంలో నా పక్కన ఒక ముసలాయన కూర్చున్నాడు, ఇక్కడికి వచ్చేటప్పుడు. కిటికీ సీటు తనకివ్వమని అడిగి, ఇవ్వగానే నిద్రపోయి దారంతా లేవలేదు. ఆ మంట చూసినప్పట్నుంచీ ఆయనే గుర్తొస్తున్నాడు.

నిన్ను క్షమించానని రాయను. లైటు సంగతి కోపంగా ఉంది గానీ, అది తగ్గుతుంది. టార్చి సంగతి కోపంగా కూడా లేదు. ఏంటో తెలియడం లేదు. నేను పట్టుకోలేని చేతుల వాణ్ణి అనుకునే ఇన్నేళ్ళూ బతికాను. నాన్న అలా అనుకునే పోయాడు. నువ్వు ఇంట్లో మా పక్కనే కూర్చుని అన్నం తిన్నావు.

మధ్యాహ్నం ఆఖరి స్తంభం చూడ్డానికి దిగాలి. ఒక తాడు విప్పేశాను. ఒక్కదాంతో దిగాను. పది అడుగులు దిగేసరికి లైటు చేతిలోనే ఉంది, అయినా ఉందో లేదోనని రెండుసార్లు తడిమి చూసుకున్నాను. మళ్ళీ పైకొచ్చి రెండోది కట్టుకుని దిగాను. అది నువ్వు కట్టిన తాడు, బావా. ఒక్కరోజులో ఊడదు.

ఇవాళ బ్యాగులో ఉన్నవన్నీ నేల మీద పరిచాను. ప్రతి చొక్కా దులిపాను, ప్రతి జేబూ తిరగేశాను, సబ్బుపెట్టె తెరిచాను. ఒక్కోటీ నా చేత్తో మళ్ళీ సర్దాను. పెద్ద లైట్ల బ్యాటరీలు తీసి, టేపు వేసి, చేతి సంచిలో పెట్టుకున్నాను. నాన్న టార్చి కూడా చేతి సంచిలోనే. ఆ ఆఫీసరమ్మ మళ్ళీ అడుగుతుంది కదా, మీ బ్యాగు మీరే సర్దుకున్నారా అని. ఈసారి అవునంటే నిజం కావాలి.

ఇరవై ఒకటిన సాయంత్రం దిగుతాను. అక్కని తీసుకుని నువ్వూ రా. నా బ్యాగు మాత్రం ముట్టుకోకు. నేనే మోసుకుంటాను.

నీ బామ్మర్ది